జొన్నకూడూ మతిభ్రమణమూ: హైదరాబాదు పెల్లాగ్రా పరిశోధనల చరిత్ర, సంఘకాపరి దృష్టిలో

ద్రాక్షారామం చుట్టుపట్ల పల్లెల్లో ఒక మనిషి ఉన్నట్టుండి నిద్ర మాని, మాట మాని, అయినవారినే పగవారిలా చూడడం మొదలుపెడితే ఇంటివారు చెప్పే కారణాలు సాధారణంగా మూడు. గాలి సోకింది, చిల్లంగి పెట్టారు, దయ్యం పట్టింది. విశ్వాసుల కుటుంబమైతే నాలుగవది కూడా చేరుతుంది: ఒప్పుకోని పాపమేదో లోపల ఉంది. సుమారు మూడు దశాబ్దాల సంఘపరిచర్యలో ఇటువంటి ఇళ్లకు ప్రార్థన నిమిత్తం అనేకసార్లు వెళ్లాను. ఎవరు ఏమి చేయించారని అడిగినవారిని చూశాను. ఏ పాపం చేశాడని అడిగినవారిని చూశాను. ఆ మనిషి గత కొన్ని నెలలుగా ఏమి తింటున్నాడని అడిగినవారిని మాత్రం చూడలేదు.

అది వింత ప్రశ్నగా తోచవచ్చు. అయితే మన తెలుగు నేలమీదనే, హైదరాబాదులో, 1960 దశకంలోనూ 1970 దశకంలోనూ కొందరు వైద్యులు సరిగ్గా ఆ ప్రశ్ననే పట్టుకొని కూర్చున్నారు. జొన్నలు తప్ప మరొకటి దొరకని పేదలకు చర్మమెందుకు నల్లబడి పగులుతున్నది, మతి ఎందుకు చెదురుతున్నది అని శోధించారు. ఆ చరిత్ర వైద్య పత్రికలలో ఉన్నదే గాని మన వేదాంత కళాశాలల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. దానిని సంఘకాపరులకు, వేదాంత విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం. భయం, సిగ్గు, అనుమానం, దోషభావన, మమకారం వంటివి మనిషికీ మనిషికీ నడుమ పుట్టే భావాలు. శాస్త్రజ్ఞులు వీటిని సాంఘిక భావోద్వేగాలు అంటారు. వీటిని మనం చిరకాలంగా ఆత్మ సంబంధమైనవిగానే బోధిస్తున్నాము. అవి మెదడు ఆరోగ్యం మీద, మెదడు ఆరోగ్యం కంచంలోని కూటి మీద ఎంతగా ఆధారపడియున్నవో హైదరాబాదు పెల్లాగ్రా చరిత్ర తెలుపుతుంది.

వరి దేశంలో మొదలైన సంగతి

కథ జొన్న దేశంలో జరిగినా దాని మొదలు మన కోస్తాలోనే ఉన్నది. గోదావరి డెల్టాతో కూడిన సముద్రతీర జిల్లాలను ఆ కాలంలో ఉత్తర సర్కారులు అనేవారు. అక్కడి సిపాయిలలో కాళ్లు పట్టుతప్పి, ఒళ్లు వాచి, గుండె ఆగిపోయే ఒక రోగం కంపెనీ ప్రభుత్వాన్ని కలవరపెట్టింది. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జాన్ గ్రాంట్ మాల్కంసన్ ఈ బెరిబెరి వ్యాధి గురించి 1835లో ఒక గ్రంథమే ప్రకటించాడు. కారణం ఆయనకు అంతుబట్టలేదు. బియ్యాన్ని మరపట్టి తవుడంతా తీసివేయడం వల్ల థయమిన్ అనే విటమిన్ పోతుందనీ, ఉప్పుడు బియ్యం తినేవారికి ఆ ముప్పు తక్కువనీ తేలడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఈ బెరిబెరిని పరిశోధించడానికే 1918లో సర్ రాబర్ట్ మెక్‌కారిసన్ నీలగిరులలోని కూనూరులో, పాశ్చర్ సంస్థకు చెందిన ఒకే ఒక గదిలో, ఒక చిన్న విభాగాన్ని ప్రారంభించాడు. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మారింది. నేటికీ తార్నాక దగ్గర పనిచేస్తున్నది అదే. కోస్తావారి అన్నం సమస్యతో పుట్టిన సంస్థ తెలంగాణవారి రొట్టె సమస్యను విప్పడానికి పూనుకోవడం ఒక విశేషం.

థయమిన్ లోపం కాళ్లను మాత్రమే పట్టేది కాదు. ముఖ్యంగా మితిమీరి తాగేవారిలో అది మెదడును దెబ్బతీస్తుంది. 1881లో జర్మనీలో కార్ల్ వెర్నికె, 1887లో రష్యాలో సెర్గీ కోర్సకోవ్ వర్ణించిన రోగస్థితులు ఇవే. కోర్సకోవ్ రోగి నిన్న జరిగినది మరచి, ఆ ఖాళీని లేనిపోని సంగతులతో నింపి నిజమనుకొని చెబుతాడు. అతడు అబద్ధికుడు కాడు. ఇంటివారు మాత్రం అబద్ధికుడనే అనుకుంటారు.

ఐరోపా, అమెరికా పిచ్చాసుపత్రులలో

హైదరాబాదుకు రాకముందు పెల్లాగ్రా వ్యాధి పూర్వచరిత్ర కొంత తెలియాలి. 1735లో స్పెయిన్ దేశపు అస్తూరియా ప్రాంతంలో గాస్పర్ కేసల్ అనే వైద్యుడు మొక్కజొన్న తిని బ్రతికే పేద రైతులలో ఒక కొత్త రోగాన్ని గుర్తించాడు. మెడ చుట్టూ హారంలాగా ఎర్రబడి, పిదప నల్లబడి పొలుసులూడే చర్మం దాని గురుతు. నేటికీ వైద్యులు దానిని కేసల్ హారం అంటారు. 1771లో ఇటలీలో ఫ్రపోలి అనే వైద్యుడు గరుకు చర్మం అనే అర్థంలో దానికి పెల్లాగ్రా అని పేరు పెట్టాడు. ఉత్తర ఇటలీలో పిచ్చాసుపత్రులు ఈ రోగులతో నిండిపోయాయి. చర్మ విస్ఫోటం, విరేచనాలు, మతిభ్రమణం అనేవి దీని మూడు ముఖ్య లక్షణాలు. చికిత్స లేకపోతే నాల్గవది మరణం.

ఇరవయ్యవ శతాబ్దారంభంలో ఇది అమెరికా దక్షిణ రాష్ట్రాలలో విజృంభించింది. 1907లో అలబామాలో నల్లవారి కోసం నడిపే ఒక పిచ్చాసుపత్రిలో ఇది ప్రబలినట్లు జార్జి సియర్సీ అనే వైద్యుడు నివేదించాడు. పెద్దలంతా ఇది అంటురోగమని తీర్మానించారు. 1914లో ప్రభుత్వం దీని విచారణకు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుణ్ణి నియమించింది. హంగరీ నుండి బాల్యంలో వలసవచ్చిన యూదుడాయన. ఆస్పత్రులను, అనాథాశ్రమాలను చూచిన గోల్డ్‌బర్గర్ కంటికి ఒక చిన్న సంగతి ఆనింది. రోగులకు వచ్చే ఈ వ్యాధి వారిని రేయింబగళ్లు అంటిపెట్టుకొని ఉండే సేవకులకు రావడం లేదు. అంటురోగమైతే ఇద్దరినీ పట్టాలి గదా? తేడా ఉన్నది భోజనపు బల్ల దగ్గర. మిసిసిపీలోని జాక్సన్ పట్టణంలో మెథడిస్టు, బాప్టిస్టు సంఘాలవారు నడిపే అనాథాశ్రమాలలో పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్లు పెట్టించగా రోగం అణగిపోయింది. 1915లో ఒక కారాగార క్షేత్రంలో ఖైదీలు కొందరు విడుదల ఆశతో ఆయన పరీక్షకు ఒప్పుకున్నారు. మొక్కజొన్న ప్రధానమైన నాసి భోజనం మీద నెలల తరబడి ఉంచితే పదకొండు మందిలో ఆరుగురికి పెల్లాగ్రా వచ్చింది. ఇది న్యాయమైన పరీక్షేనా అన్నది వేరే చర్చ. నేటి నియమాల ప్రకారం ఎవరూ దానిని అనుమతించరు.

ఇంత రుజువు చూపినా దక్షిణాది నాయకులు ఆయన మీద కోపించారు. మా ప్రాంతంవారు ఆకలితో పిచ్చివారవుతున్నారని చెప్పడం మాకు అవమానం అన్నారు. ఇక్కడ సిగ్గు అనే సాంఘిక భావోద్వేగం ఒక్క రోగిలోగాక ఒక ప్రాంతమంతటిలో పనిచేసిందన్నది గమనార్హం. గోల్డ్‌బర్గర్ 1929లో చనిపోయాడు. 1937లో కాన్రాడ్ ఎల్వెయం కుక్కలకు వచ్చే నల్లనాలుక వ్యాధిని నికోటినిక్ ఆమ్లంతో కుదిర్చి లోపించిన పదార్థమేదో తేల్చాడు. దీనినే నియాసిన్ అంటున్నాము. ఆ మరుసటి సంవత్సరాల్లో దక్షిణాది ఆస్పత్రుల్లో పిచ్చివారుగా ముద్రపడి మంచాలకు అంటుకుపోయిన పెల్లాగ్రా రోగులు కొందరు ఈ మందుతో కొద్ది రోజుల్లోనే తెప్పరిల్లి తమవారిని గుర్తుపట్టారు.

హైదరాబాదులో జరిగినది

మొక్కజొన్నలో నియాసిన్ ఉన్నా శరీరానికి అందని రీతిలో బంధింపబడి ఉంటుంది. దాని మాంసకృత్తులలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కూడా తక్కువ. ట్రిప్టోఫాన్ నుండి మన శరీరం కొంత నియాసిన్‌ను తనంతట తాను చేసుకోగలదు గనుక ఈ రెండూ కొరవడితే పెల్లాగ్రా తప్పదు. మెక్సికో దేశపు ఆదివాసులు మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి నియాసిన్‌ను విడుదల చేసుకునేవారు. ఐరోపావారు ఆ పంటను తెచ్చుకున్నారు గాని ఆ వంటను తెచ్చుకోలేదు.

దక్కను పీఠభూమిలో చిక్కు వేరు. తెలంగాణ పల్లెల్లో కూలినాలి చేసుకునేవారు తిన్నది జొన్నరొట్టె, జొన్నగటక, జొన్న సంకటి. పప్పు అరుదు, పాలు మరీ అరుదు. ఉస్మానియా ఆస్పత్రిలో చేరే రోగులలో ఆ రోజులలో సుమారు నూటికి ఒకరు పెల్లాగ్రా రోగులే. మానసిక చికిత్సాలయంలో ఆ నిష్పత్తి ఇంకా ఎక్కువ. మరి మొక్కజొన్నలో వలె జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువ కాదే! అన్నం తినే పేదలకు రాని రోగం, అంతే పేదలైన జొన్న తినేవారికి ఎందుకు వస్తున్నది?

సంస్థకు చెందిన డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో దీనికొక సమాధానం ప్రతిపాదించారు. జొన్నలో లూసిన్ అనే మరొక అమైనో ఆమ్లం మితిమీరి ఉన్నది. అది ట్రిప్టోఫాన్ నుండి నియాసిన్ తయారయ్యే మార్గానికి అడ్డుపడుతున్నది. అంటే కొరత వల్ల వచ్చే రోగమని అందరూ అనుకున్నదానిలో ఒక అతిశయం కూడా కలిసి పనిచేస్తున్నదన్నమాట. 1969లో గోపాలన్, భవానీ బెళవాడి మొదలైనవారు కుక్కలలో లూసిన్ పాత్రను చూపుతూ మరొక పత్రం వెలువరించారు. ఈ సిద్ధాంతాన్ని ఇతర దేశాల పరిశోధకులందరూ అంగీకరించలేదు. కొందరికి అదే పరీక్షలో అదే ఫలితం రాలేదు. విటమిన్ బి6 కొరత కూడా ఇందులో కలిసి ఉన్నదన్న వాదం బలపడింది. లూసిన్ పాత్ర ఎంత అన్న వాదం ఎలా ముగిసినా, జొన్న మీదనే బ్రతికిన పేదలకు పెల్లాగ్రా వచ్చిందన్నది, నియాసిన్ ఇస్తే తగ్గిందన్నది వివాదం లేని విషయాలు.

మన అంశానికి ముఖ్యమైనది దీని తరువాతి అధ్యాయం. ఆ సంస్థ వైద్యులు చర్మం దగ్గర ఆగిపోలేదు. 1968లో శ్రీకంఠయ్య, ఆయన సహచరులు పెల్లాగ్రా రోగుల మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసి అధ్యయనం ప్రకటించారు. 1970లో డాక్టర్ కమలా కృష్ణస్వామి, రమణమూర్తి కలిసి ఈ రోగులలో కనబడే మానసిక మార్పులకూ రక్తఫలకికలలోని సెరటోనిన్‌కూ గల సంబంధాన్ని పరిశీలించారు. 1975లో కృష్ణస్వామి, రఘురాం సెరటోనిన్ జీవక్రియపై మరొక పత్రం వ్రాశారు. అప్పటికి సెరటోనిన్ అనే పదార్థం మనోభావాలతో సంబంధం గలదని ప్రపంచమంతటా అనుమానిస్తున్నారే గాని, నేడు మాత్రల చీటీ పట్టుకున్న ప్రతివారికీ తెలిసిన మాట కాదది. ట్రిప్టోఫాన్ నుండే సెరటోనిన్ కూడా తయారవుతుంది. ఒకే ముడిసరుకు రెండు దారులలో పోతున్నప్పుడు ఒక దారిలోని చిక్కు రెండవదానిని ఎలా తాకుతుందన్నదే వారి ప్రశ్న. సాయంకాలం గటక తాగి పడుకునే ఒక కూలి మనిషి దుఃఖాన్ని తరంగాలలోను, రక్తపు బొట్టులోను వెదకడం హృదయం లేని పని అని కొందరు అనవచ్చు. ఆ మనిషిని పాపియని, పూనకమని అనకుండా రోగి అని పిలిచినవారు వీరే అని నా అభిప్రాయం.

హైదరాబాదు మానసిక చికిత్సాలయం మహారాష్ట్రలోని జాల్నా నుండి 1953లో ఎర్రగడ్డకు వచ్చినది. తెలంగాణలో ‘ఎర్రగడ్డ’ అన్న మాటే ఒక తిట్టు. మన కోస్తాలో ‘వైజాగు తీసుకుపోవాలి’ అన్నా అదే అర్థం. ఒక వైద్యశాల ఉన్న ఊరి పేరు తిట్టుగా మారిన సమాజంలో రోగి తనంతట తాను వైద్యశాలకు ఎలా పోతాడు? అలా దాగిన రోగులలో రొట్టెతోపాటు కాస్త పప్పు, పాలు, గుడ్డు దొరికితే బాగుపడగలవారు కూడా ఉండి ఉంటారు.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం ప్రవేశపెట్టింది. జొన్నకూడు తినే ఇళ్లకు క్రమంగా వరి అన్నం చేరింది. పెల్లాగ్రా తెలంగాణ ఆస్పత్రులలో అరుదైపోయింది. ఆదాయాలు పెరగడం, తిండిలో వైవిధ్యం రావడం కూడా దీనికి తోడైయుండవచ్చు. ఆ పథకాన్ని ఎవరూ మానసిక ఆరోగ్య పథకం అనలేదు. ఫలితంలో కొంతమేరకు అదే అయింది. (జొన్నను ఇది చదివి ఎవరూ దూషించవద్దు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. చక్కెర వ్యాధిగలవారు నేడు జొన్నరొట్టె వెదకి తింటున్నారు. పప్పు, కూర, పాలు తోడున్నవానికి జొన్న మంచి ఆహారమే. పట్టినది ధాన్యం కాదు, ఆ ధాన్యం తప్ప మరేదీ అందని దారిద్ర్యం.)

మెదడు, సిగ్గు, అనుమానం

పెల్లాగ్రా రోగి మతి ఒక్కసారిగా చెదరదు. మొదట నిద్ర పట్టదు. చిన్న మాటకు చిరాకు, కారణంలేని దిగులు, పనిమీద విసుగు. పిదప భయం, అనుమానం. చివరకు తానెక్కడ ఉన్నాడో తెలియని స్థితి. ఈ వరుసను మరల చదవండి. తొలి మూడు నాలుగు మెట్లలో ఉన్నవానిని ఇంటివారు రోగి అనరు; ముక్కోపి అంటారు, సోమరి అంటారు. ప్రార్థనకు రావడం మానేస్తే మనం చల్లారిపోయినవాడు అంటాము.

లోపల జరిగేది ఏమనగా, నియాసిన్ నుండి తయారయ్యే పదార్థం లేనిదే కణాలు ఆహారంనుండి శక్తిని తీసుకోలేవు. శరీరం బరువులో మెదడు నూటికి రెండు వంతులే అయినా విశ్రాంతిలో మనం వాడే శక్తిలో సుమారు ఐదవ వంతు దానికే ఖర్చవుతుంది. కనుక కొరత వచ్చినప్పుడు అది మొదట బాధపడే అవయవాలలో ఒకటి. పెల్లాగ్రాతో చనిపోయినవారి మెదళ్లను సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు పెద్ద నరకణాలు ఉబ్బి, లోపలి పదార్థం కరిగినట్లు కనబడింది.

సాంఘిక భావాలకు మెదడులో చోటున్నదని లోకానికి తొలిసారి తట్టించినది ఒక రైలుమార్గపు పనివాని దురదృష్టం. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంటులో మందుగుండు పేలి, ఫినియాస్ గేజ్ అనే మేస్త్రీ చెంపనుండి నడినెత్తివరకు ఇనుపకడ్డీ దూసుకుపోయింది. మనిషి బ్రతికాడు, మాట ఉంది, జ్ఞాపకం ఉంది. మర్యాద, నిలకడ, తోటివారి పట్ల గౌరవం పోయినవని వైద్యుడు హార్లో వ్రాశాడు. అతని మార్పు గురించి పిమ్మట అతిశయోక్తులు చాలా పుట్టాయి. అతడు తరువాత చిలీ దేశంలో గుర్రపుబండి తోలి కొన్నేళ్లు పనిచేసుకున్నాడన్నది కూడా చెప్పాలి. ఏమైనా నుదుటి వెనుకనున్న మెదడు భాగం దెబ్బతిన్నవారిలో సిగ్గు, జాలి, దోషభావన మొద్దుబారడాన్ని ఆంటోనియో డమాసియో వంటి నరశాస్త్రజ్ఞులు ఇరవయ్యవ శతాబ్దపు చివరలో జాగ్రత్తగా చూపించారు.

దోషభావన మొద్దుబారవచ్చును; మితిమీరి మండవచ్చును కూడా. తీవ్ర మానసిక క్రుంగుదలలో రోగి తాను చేయని నేరానికి కూడా తనను శపించుకుంటాడు. ఆంగ్ల కీర్తనకారుడు విలియం కౌపర్ దీనికి సాక్షి. 1763లో ఆత్మహత్యకు ప్రయత్నించి సెయింట్ ఆల్బన్సులో వైద్యుడు నథానియేల్ కాటన్ చికిత్సాలయంలో చేరాడు. కోలుకొని జాన్ న్యూటన్‌తో కలిసి 1779లో వెలువడిన ఓల్నీ కీర్తనల గ్రంథానికి పాటలు వ్రాశాడు. అయినను 1773 నుండి 1800లో చనిపోయేవరకు దేవుడు తనను శాశ్వతంగా త్రోసివేశాడనే నమ్మాడు. కృపను గూర్చి సంఘమంతా పాడుకునే కీర్తనలు వ్రాసిన చేయి అది. అతనికి ఇంకా ఒప్పుకోమని చెప్పే కాపరి అతని రోగానికి ఆజ్యం పోసినట్టే.

సెరంపూరులో గడియ వేసిన గది

మనలో చాలామంది బి.డి. పట్టా మీద సెరంపూరు పేరు ఉన్నది. 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన విలియం కేరీని తరగతి గదిలో స్మరిస్తాము. ఆయన భార్య డొరతీని గూర్చి ఒక వాక్యంతో దాటిపోతాము. 1794లో ఆమె ఐదేండ్ల కుమారుడు పీటరు బెంగాలులో జ్వర విరేచనాలతో చనిపోయాడు. ఆ తరువాత ఆమె మతి చెదరింది. భర్త నీతి తప్పాడని అనుమానించి వీధిలో సైతం ఆయనను నిందించింది. తలుపు గడియవేసిన గదిలో ఏండ్ల తరబడి ఉండి 1807 డిసెంబరు 8న సెరంపూరులో చనిపోయింది. ప్రక్క గదిలో కేరీ అనువాదాలు సాగిస్తుండగా ఆమె కేకలు వినబడేవని ఆనాటివారు వ్రాసియుంచారు. ఆమెను కలకత్తా పిచ్చాసుపత్రికి పంపమని ఇతరులు సలహా ఇచ్చినా, అక్కడి స్థితి ఎరిగి ఆయన ఒప్పుకోలేదు.

రెండు వందల ఏళ్ల తరువాత ఆమెకు రోగం పేరు పెట్టడం నా పని కాదు. ఒకటి మాత్రం చెప్పగలను. కేరీ మిత్రులు ఆమె అనుమానాన్ని పాపమని ఒకసారి, సేవకు ఆటంకమని ఒకసారి లెక్కించారు. ఆమెకు తినిపించి, నిద్రపుచ్చి, కుదుటపరచగల ఔషధం 1952 వరకు, అంటే పారిస్‌లో జాన్ డిలే, పియర్ డెనికర్ క్లోర్‌ప్రోమజీన్ మందును రోగుల మీద వాడి చూపేవరకు, లోకంలోనే లేదు. ఆమె తరంవారికి లేనిది మన తరంవారికి ఉన్నది. మన ఊళ్లలో ఇంకా గడియ వేసిన గదులున్నాయంటే దానికి కారణం వేరే వెదకాలి.

లేఖనాల సాక్ష్యం

మత్తయి 4:24లో దయ్యముపట్టినవారిని, చాంద్రరోగులను, పక్షవాయువుగలవారిని సువార్తికుడు విడివిడిగా పేర్కొన్నాడు. మొదటి శతాబ్దపు మనిషికి ఈ భేదం తెలుసు. అదే మత్తయి 17వ అధ్యాయంలో చాంద్రరోగియైన బాలునిలోనుండి దయ్యము వెళ్లిపోయినట్లు వ్రాయబడియున్నది గనుక ఈ గీత ప్రతిచోట సూటిగా గీయలేమన్నదీ నిజమే. నేను అపవాది లేడని చెప్పే పక్షంలో లేను. రోగాన్ని రోగమని గుర్తించిన తరువాత మిగిలినదానిని గూర్చి మాట్లాడదామంటున్నాను. యోహాను 9:2లో శిష్యులు అడిగిన ప్రశ్న, ఎవరు పాపం చేశారన్నది, ప్రభువు త్రోసిపుచ్చిన ప్రశ్న.

1 రాజులు 19వ అధ్యాయం మన అంశానికి మరింత దగ్గర. కర్మెలు పర్వతంమీద గెలిచిన ఏలీయా బదరీవృక్షం క్రింద కూలబడి చావు కోరుకున్నాడు. దూత ఆయనను గద్దించలేదు, విశ్వాసాన్ని పరీక్షించలేదు. నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చి తిరిగి నిద్రపోనిచ్చాడు. అది రెండుసార్లు జరిగింది. హోరేబులో ప్రశ్న అడగడం నలువది దినాల తరువాతి మాట. ఆ వరుసను మనం తరచుగా తారుమారు చేస్తున్నాము. హోరేబు ప్రసంగం ముందు, రొట్టె తరువాత. ఒక్కొక్కసారి రొట్టె బదులు ఉపవాసం. మతి చెదరిన మనిషిని ఏడు దినాలు, ఇరువది యొక్క దినాలు ఉపవాసం ఉంచే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. పోషకాహారం లేక మెదడు క్రుంగినవాని విషయంలో దీని అర్థమేమిటో పై చరిత్ర చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

విటమిన్ సువార్త కూడా వద్దు

ఇంత చెప్పి మానసిక రోగాలన్నీ విటమిన్ లోపాలేనని ఎవరైనా అనుకుంటే అది మరొక పొరపాటు. కెనడాలో ఏబ్రం హాఫర్, హంఫ్రీ ఆస్మండ్ 1950 దశకంలో స్కిజోఫ్రెనియాను పెద్ద మోతాదు నియాసిన్‌తో కుదర్చవచ్చని ఆశించారు. పెల్లాగ్రా విజయమే వారికి ప్రేరణ. తరువాతి పరీక్షలు వారిని సమర్థించలేదు. 1973లో అమెరికా మనోవైద్యుల సంఘం నియమించిన బృందం ఈ పద్ధతికి ఆధారం లేదని తేల్చింది. పెల్లాగ్రాలో మెదడుకు కొరవడినది ఒక్కటే, పేరు తెలిసినది. స్కిజోఫ్రెనియా, తీవ్ర క్రుంగుదల, ఉన్మాద క్రుంగుదల రోగాలలో వంశపారంపర్యం, మెదడు ఎదుగుదల, జీవితంలో తగిలిన దెబ్బలు, పేదరికం కలగలిసి ఉంటాయి. వాటికి మందులు ఉన్నాయి, నెలలు, ఏండ్లు వాడవలసియుంటుంది. ప్రార్థించిన మరునాడు మాత్రలు పారవేయించి, మూడు నెలలకు రోగం తిరగబెట్టగానే విశ్వాసం చాలలేదని చెప్పే పద్ధతిని సంఘం ఇకనైనా మానాలి.

మన ప్రాంతపు సంఘానికి ఈ విషయంలో ఒక మంచి వారసత్వమున్నది. ద్రాక్షారామానికి కొద్ది దూరంలోని రామచంద్రపురంలో కెనడా బాప్టిస్టు మిషనరీ ఇసబెల్ హాచ్ దొరసాని పందొమ్మిదవ శతాబ్దం ముగిసేనాటికి కుష్ఠురోగుల ఆశ్రమానికి పునాది వేసింది. కుష్ఠు కూడా ఆనాడు శాపమే, సిగ్గే. ఊరి వెలుపలికి నెట్టబడినవానికి కట్టు కట్టి, అన్నం పెట్టి, పేరుపెట్టి పిలిచారు. మందు కనుగొనబడేవరకు వారు ఆగలేదు. కుష్ఠురోగికి తలుపు తెరచిన సంఘం మతి చెదరినవానికి తెరువలేకపోవడం నాకు అర్థం కాదు.

తెరువకపోతే ఏమవుతుందో పొరుగు రాష్ట్రం చూపించింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి దర్గా సమీపంలో ఒక ప్రైవేటు ఆశ్రమం అంటుకొని 28 మంది మానసిక రోగులు చనిపోయారు. గొలుసులతో కట్టివేయబడి ఉన్నందున వారు తప్పించుకోలేకపోయారు. అది వేరే మతం సంగతి అని ప్రక్కకు తొలగడానికి వీలులేదు. ఘానా దేశంలో క్రైస్తవ ప్రార్థనా శిబిరాలలోనే రోగులను చెట్లకు కట్టి ఉపవాసముంచిన సంగతి మానవ హక్కుల సంస్థలు 2012లో బయటపెట్టాయి. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనైనా గొలుసులు వేయడాన్ని నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవానిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవానిగా భావించి సంరక్షణ కల్పించాలనీ అదే చట్టం చెబుతున్నది. ఈ రెండు సంగతులు సంఘ పెద్దల కూటంలో చదివి వినిపించదగినవి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత ఫోను నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడతారు. సంఘం గోడమీద ఆరాధన వేళల క్రింద దానిని వ్రాయించడానికి ఖర్చేమీ లేదు.

చివరగా పెల్లాగ్రాను గూర్చి ఒక ఆచరణాత్మక విషయం. అది తెలంగాణలో అరుదైనది గాని అంతరించలేదు. నేడు అది ఎక్కువగా కనబడేది అన్నం మాని సారాయి మీద బ్రతికే తాగుబోతులలో. క్షయకు వాడే ఐసోనయజిడ్ మందు కూడా పోషణలేని మనిషిలో దీనిని తెప్పించవచ్చు. బి6 విటమిన్ మాత్రను దానితో కలిపి ఇవ్వడానికి ఒక కారణం ఇది. తాగుడుకు బానిసైనవాని ఇంటికి, క్షయ రోగి ఇంటికి ప్రార్థనకు వెళ్లేది మనమే. చొక్కా కాలరు క్రింద మెడచుట్టూ, మోచేతులనుండి వేళ్లవరకు, ఎండ తగిలిన చోటనే రెండు ప్రక్కలా సమానంగా చర్మం నల్లబడి పొలుసులూడుతున్నదేమో చూడండి. నాలుక ఎర్రగా పుండుపడి ఉన్నదా, విరేచనాలు అవుతున్నాయా, రాత్రి నిద్ర ఉన్నదా అడగండి. పొయ్యి మీద ఏమి ఉడుకుతున్నదో కూడా అడగండి. ఇవి కనబడితే ఆ మనిషిని ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లి, చూచినదంతా వైద్యునికి చెప్పండి. మందు ఖరీదు చాలా తక్కువ. ప్రార్థన దారిలో చేయవచ్చు.